వెనక నుంచి వచ్చిన నీళ్లు

నేను చేసిన పనిని ఉద్యోగం అంటారో లేదో నాకు తెలియదు. నెల జీతం లేదు, పింఛను లేదు, మానేసిన రోజున మెడలో దండ వేసినవాళ్లూ లేరు. అయినా చాలా ఏళ్లపాటు సూరత్ నుంచి సముద్రపు ఒడ్డుకు ఆడకూలీలను తీసుకుపోయి, బురదలో అడవి నాటించి, సాయంత్రానికి ఎవరింటికి వాళ్లను చేర్చాను. నన్ను ముకద్దం అనేవాళ్లు, అంటే కూలీల పెద్ద. మూడో తరగతిలోనే బడి మాన్పించారు కాబట్టి నా రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి, పిల్లలూ. చెప్పేది ఒక్క రోజు సంగతి. దానికి ముందు కొంత, తర్వాత కొంత చెప్పక తప్పదు. అంతకు మించి సాగదీయను. కాగితం ఊరికే రాదు.

మా ఆయన సూరత్‌లోని ఖటోదరాలో ఒక మగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. తాపీ నది పొంగి ఊరిని ముంచిన ఏడు ఆ మగ్గాలన్నీ ఒండ్రులో కూరుకుపోయాయి. మోటార్లు విప్పి, కడిగి, ఎండబెట్టి మళ్లీ తిప్పేసరికి సగం మగ్గాలు మూలకు పడ్డాయి. సగం మగ్గాలంటే సగం మందికే పని. తెలంగాణ నుంచి వచ్చి మా గల్లీలో స్థిరపడ్డ ఇళ్లన్నిటిదీ అదే పరిస్థితి. అంతకుముందు ఆడవాళ్లం ఇళ్లలో కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించి, మడతలు పెట్టి ఇచ్చేవాళ్లం. చీరలే రాకపోతే ఏం మడత పెట్టాలి?

కిమ్ అనే ఊరి దగ్గర అటవీ శాఖ నర్సరీలో సంచుల్లో మట్టి నింపే పని ఉందని తెలిసి నేనూ మా ఆడబిడ్డా పోయాం. మా ఆయనకు చెల్లెలు ఆమె. మా ఇంటికి రెండిళ్ల అవతలే కాపురం. నోరు పెద్దది, చెయ్యి చురుకు. మా ఇద్దరికీ పడేది కాదు. కూరలో ఉప్పు కూడా నేను లెక్కపెట్టి వేస్తానని గల్లీ అంతా చెప్పుకు తిరిగేది. అది అబద్ధం కాదు. ఆమె చేతిలో పైసా పడితే సాయంత్రానికి మిఠాయి దుకాణంలో తేలుతుందని నేను చెప్పేదాన్ని. అదీ అబద్ధం కాదు.

మరుసటి వానాకాలం నర్సరీకి వచ్చే గార్డు ఒకాయన మమ్మల్ని అడిగాడు, సముద్రం ఒడ్డున బురదలో చెట్లు నాటాలి, వస్తారా అని. ఆ తీరమంతా ఆయన కాపలా. గుజరాతీ మనిషి. మాతో హిందీలో మాట్లాడేవాడు, నన్ను మాసీ అనేవాడు, పిన్నీ అన్నట్టు.

"బురద పని మాసీ. అక్కడి ఆడవాళ్లు ఫ్యాక్టరీలలో చేరిపోయారు. మీకు కష్టమవుతుందేమో" అన్నాడు నాతో.

మా ఆడబిడ్డ పకపకా నవ్వింది. "బురదనా సాహెబ్? మేం పుట్టిందే బురదల. నాట్లేసిన చేతులివి" అని రెండు చేతులూ చాపి చూపించింది. సగం తెలుగు, సగం హిందీ. ఆయనకు అర్థమైంది.

గల్లీలో మగవాళ్లు మాత్రం ఊరికే ఒప్పుకోలేదు. అంత దూరం, సముద్రం దగ్గర, పరాయి ఊరు. పొద్దున పోయిన మనిషి తిరిగి రాకపోతే ఎవర్ని అడగాలి? "జిమ్మేదార్ ఎవలు?" అని మా ఆడబిడ్డ మొగుడే ముందుగా లేచాడు. నేనే అన్నాను. పొద్దున ఎంతమందిని ఎక్కించుకుపోతే సాయంత్రం అంతమందినీ గడపలో దించుతానని అందరి ముందూ చెప్పాను. ఆ ఒక్క మాట మీదే నా కూలీ ముఠా లేచింది. చదువు లేని మనిషికి మాట తప్ప తాకట్టు పెట్టడానికి ఏముంటుంది?

తెల్లారుతూనే టెంపో వచ్చేది. తాపీ వంతెన దాటి, అడాజన్ అపార్టుమెంట్లలో జనం పాలప్యాకెట్లు అందుకునే వేళకు మేం వాటి మధ్య నుంచి పోయేవాళ్లం. ఆ తర్వాత రొయ్యల చెరువులు, ఉప్పు మడులు, చివరికి ఒక పొడవాటి మట్టికట్ట. కట్ట మీద అన్నం గిన్నెలు పెట్టి దిగితే ఇక బురదే.

అక్కడ పెరిగేది ఉప్పునీళ్లలో బతికే చెట్టు. వాళ్ల భాషలో చెర్. తెలుగులో మడ చెట్టు అంటారని ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరో చెప్పారు. మా పల్లెల్లో సముద్రమే లేదు, ఇక మాకా మాట ఎక్కడిది? సముద్రం నీళ్లు రోజుకు రెండుసార్లు ఒడ్డెక్కి దిగిపోతాయన్న సంగతే మాకు వింత. ఎక్కే నీళ్లను అక్కడివాళ్లు భర్తీ అంటారు. మేమూ భర్తీ అనే నేర్చుకున్నాం.

మొదటి విడత విత్తనాలు మొత్తం పాడు చేశాం. చెర్ విత్తు పెద్ద చిక్కుడు గింజంత ఉంటుంది, చెట్టు మీద ఉండగానే మొలక కట్టి రాలుతుంది. మేం వరినారు పెట్టినట్టు బొటనవేలితో లోతుగా గుచ్చి, దగ్గర దగ్గరగా, ఎంతో ముచ్చటగా వరసలు వేశాం. కొన్ని వారాలకు గార్డు వచ్చి నాలుగు చోట్ల తవ్వి చూశాడు. అన్నీ కుళ్లిపోయాయి.

"మాసీ, మీరు నాటలేదు, పూడ్చిపెట్టారు" అన్నాడు. "దీన్ని బురద మీద ఊరికే కూర్చోబెట్టాలి. వేరు అదే దించుకుంటుంది."

"గీ ముచ్చట ముందుగల్ల చెప్పొద్దా సాహెబ్? గింజలన్నీ దండుగైపాయె" అని నేను కొట్లాటకు దిగాను. విత్తనాలు నా సొంతమైనట్టు ఏడుపొచ్చింది.

తర్వాత చేతులు కొత్త పని నేర్చుకున్నాయి. కాళ్లు నేర్చుకోలేదు. వరినాటు వేసినవాళ్లకు తెలుస్తుంది, నాటు వేసే మనిషి వెనక్కి నడుస్తుంది. నాటిన మొక్కను తొక్కకుండా ఒక్కో అడుగు వెనక్కి. చిన్నప్పటి నుంచీ ఒంట్లో పడిన నడక అది. వంగామంటే కాళ్లు వాటంతటవే వెనక్కి పోతాయి. పైగా మాకో అలవాటు ఉండేది. అన్నం గిన్నెలున్న గట్టు వైపుకు నాటు ముగిసేలా, అవతలి అంచు నుంచి మొదలుపెట్టేవాళ్లం. పని అయ్యేసరికి గట్టు కాళ్లకు తగలాలి. ఇక్కడా అదే చేశాం. సముద్రం వైపు చివర నుంచి మొదలుపెట్టి, సముద్రానికి ముఖం పెట్టి, కట్ట వైపుకు వెనక్కి వెనక్కి నడిచేవాళ్లం. సముద్రాన్ని చూస్తూనే ఉన్నాం కదా, నీళ్లొస్తే కనపడవా అనే ధీమా.

అయితే మేం నాటే చోటుకూ కట్టకూ మధ్యలో ఒక ఖాడీ ఉండేది, అంటే ఉప్పునీటి పాయ. పొద్దున పోయేటప్పుడు దాంట్లో చీలమండ తడిసేంత నీళ్లుండేవి. దాన్ని మేం కాలువ కింద కూడా లెక్కవేయలేదు. సముద్రం వైపున, మేం మొదలుపెట్టే చోటికి కాస్త పక్కగా, పాత చెర్ చెట్ల గుంపు ఒకటి ఉండేది. ఆ గుంపుకు ముందు, నీళ్ల అంచున, చచ్చిపోయి బూడిదరంగుకు తిరిగిన మోళ్లు నిలబడి ఉండేవి. అవెందుకు చచ్చాయని నేను అడగలేదు. కూలీకి వచ్చినదానికి ఎండిన మోళ్లతో ఏం పని?

ఇక ఆ రోజు.

ముందు రోజు పొలాల అమావాస్య. ఇళ్లలో మట్టి ఎడ్లను పెట్టి పండగ చేసుకున్నాం, పనికి పోలేదు. అమావాస్య దగ్గర భర్తీ జోరుగా ఉంటుంది, జాగ్రత్త అని గార్డు చెప్పి ఉన్నాడు. అమావాస్య వెళ్లిపోయింది కదా, ఇక జోరు తగ్గుతుంది అనుకుని మరునాడు బయల్దేరాం. గార్డును ఆ పొద్దున పై ఆఫీసుకు పిలిచారు. ఎండ నడినెత్తికి రాకముందే ఖాడీ దాటి ఇవతలికి వచ్చేయమని నాకు టెంపో డ్రైవరు చేత కబురు పంపాడు. పొద్దుటి నుంచీ పడమటి గాలి కొడుతోంది. నాట్లకు చల్లగా ఉందని మేం సంతోషించాం.

ఆ బురదలో మేం కాక ఇంకొక మనిషి ఉండేది. ఆ ఊరి ఆమె, లెవ్టాలు పట్టుకునేది. లెవ్టా అంటే బురదలో గెంతే చిన్న చేప, సూరత్‌లో ఇష్టంగా తింటారు. చెక్కపలక మీద ఒక మోకాలు ఆనించి, రెండో కాలితో తోసుకుంటూ బురద మీద సర్రున జారిపోయేది. ఆమెను మేం బెన్ అనేవాళ్లం, అక్కా అన్నట్టు.

మా ఆడబిడ్డ నాటు వేయడంలో అందరికంటే ముందు. ముందు అంటే అందరికంటే వెనక, ఖాడీకి దగ్గరగా. అక్కడి నుంచి మమ్మల్ని ఎగతాళి చేస్తోంది.

"వదినే, నీ వరస చూడు, పాము పోయినట్టున్నది!"

"నీది సక్కగుంటే సాలు తియ్."

"సక్కగనే ఉంటది. నీ లెక్క ఒక్కొక్క గింజను ముద్దువెట్టుకుంట ఏస్తున్ననా? జల్ది జల్ది రాండ్రే, అన్నం సల్లారిపోతది!"

అందరూ నవ్వారు. సముద్రం ఎక్కడిదక్కడే ఉంది. పొద్దున ఎంత దూరంగా మెరిసిందో అంతే దూరంగా మెరుస్తోంది. నేను రెండు గింజలు పెట్టి ఇంకో అడుగు వెనక్కి వేశాను.

"వదినే" అంది మళ్లీ. ఈసారి అరవలేదు. ఆ మనిషి నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అందుకే తిరిగి చూశాను.

ఖాడీ నిండిపోయి ఉంది. పొద్దున చీలమండ తడిసిన చోట మట్టిరంగు నీళ్లు నురగ కట్టుకుని లోపలికి ఉరుకుతున్నాయి. అవతల కట్ట మీద మా అన్నం గిన్నెలు తళతళా కనిపిస్తున్నాయి. ఇవతల ఖాడీ అంచున మా ఆడబిడ్డ తొడల దాకా బురదలో దిగబడి నిలబడి ఉంది. వెనక్కి నడుస్తూ నడుస్తూ అంచున ఉండే మెత్తటి బురదలోకి దిగిపోయింది.

"అగో, సముద్రం ఆడనే ఉన్నది కదనే! గీ నీళ్లు యాడికెళ్లి వచ్చినయ్?" అని ఎవరో ఏడుపు గొంతుతో అడిగారు.

భర్తీ ముందుగా పాయల్లోకి వస్తుందని, మైదానం మీదికి తర్వాత వస్తుందని ఆ ఒడ్డున పుట్టిన చిన్న పిల్లలకు కూడా తెలుసు. మాకు తెలియదు. మేం సముద్రాన్ని కాపలా కాస్తూ ఉంటే అది మా వెనక నుంచి వచ్చి దారి మూసేసింది.

ఇద్దరు ముగ్గురు ఖాడీ వైపు పరుగెత్తారు. ఒకామె కొంగు నడుముకు బిగిస్తూ, "నాకు ఈత అస్తది, నేను దాటి ఎవలనన్న పిలుస్త" అంది. నేను ఆమె కొప్పు పట్టి వెనక్కి గుంజాను.

"బాయిల ఈదుడు గాదే ఇది! నీళ్లెట్ల ఉరుకుతున్నయో కండ్లు తెరిచి చూడు!"

అప్పుడు దూరం నుంచి బెన్ కేక వినిపించింది. పలక మీద మోకాలు పెట్టుకుని వస్తూ, చెయ్యి ఊపుతూ, ఖాడీలోకి పోవద్దు, చెర్‌లోకి పొండి, చెర్‌లోకి అని అరుస్తోంది. ఆమె చూపించేది పాత చెట్ల గుంపు. అంటే సముద్రం వైపు.

"సముద్రం దిక్కు పోవుడా? ఆమెకు పిస్స లేసిందా?" అన్నారు మావాళ్లు. నాకూ అదే అనిపించింది. నీళ్లకు భయపడి నీళ్ల వైపు ఎవరు పోతారు? కానీ ఒకటి ఆలోచించాను. బెన్ ఆ నేల మీద పుట్టిన మనిషి, తన ప్రాణం తనకూ తీపే. తను తలదాచుకునే చోటికే మమ్మల్నీ రమ్మంటోంది. నా బుర్రలో ఉన్న లెక్కలేవీ ఆ చోట పనికిరావని ఒప్పుకోవడానికి నాకు ఒక్క ఊపిరి పట్టింది.

"చేతులు పట్టుకోండ్రి. ఒక్కతి ఎన్కకు మిగలొద్దు. ఆ చెట్లల్లకు పోండ్రి" అన్నాను.

ఎవరూ కదల్లేదు. నేను నా జీవితంలో అనని మాటలు ఆ రోజు అన్నాను. ఆ తిట్లు ఇక్కడ రాయను. నా నోటికి భయపడి కదిలారో, కాలి కింద తడి తగిలి కదిలారో గానీ కదిలారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని సముద్రానికి ఎదురుగా నడిచారు.

నేనూ, బెన్ కలిసి మా ఆడబిడ్డ దగ్గరికి పోయాం. నిలబడితే నేనూ దిగిపోతున్నాను. బోర్లా పడుకుని పాకమని బెన్ సైగ చేసింది. ఆ వయసులో బురదలో పాకాను.

"నువ్వు పో వదినే" అంది ఆడబిడ్డ.

"నోరు ముయ్."

"నీకు పోరగాండ్లున్నరు..."

"నీకు లేరా? ముయ్యమన్న కదా."

చంకల కింద చేతులు పెట్టి గుంజబోయాను. బెన్ నా చెయ్యి తోసేసింది. పలకను ఆడబిడ్డ ఛాతీ కిందికి జరిపి, దాని మీద వాలమంది. తర్వాత ఇంకో మాట చెప్పింది. "నీళ్లు రానీ. నీళ్లు తగిలితేనే ఈ బురద వదులుతుంది."

దేని నుంచి పారిపోవాలో దాని కోసమే కాచుకుని కూర్చున్నాం. అంతసేపూ నేను రెండు చేతులతో ఆమె మోకాలి చుట్టూ తోడుతూనే ఉన్నాను. తోడిన చోట మళ్లీ నిండుతోంది. మొదట ఒక నాలుకలా సన్నగా నీళ్లొచ్చాయి. తర్వాత అరచెయ్యి మందం. బెన్ ఒక కాలు ఆడించమంది. కాలు కదిలింది గానీ చీర కుచ్చిళ్లన్నీ బురదలో చిక్కి వెనక్కి లాగుతున్నాయి.

"చీర ఇడ్సిపెట్టే!" అన్నాను.

"మొన్న రాఖీకి అన్న తెచ్చిండు వదినే. కొత్తది!"

ఆ చీర కొన్న రోజు ఇంత ఖరీదు పెట్టి చెల్లెలికి కొనాలా అని మా ఆయనతో నేను పొద్దంతా పోట్లాడాను. బెన్ నడుములోని చేపల కత్తి తీసింది. నేనే అందుకుని ఆ చీరను నడుము దగ్గర అడ్డంగా కోశాను. కాలు పైకి వచ్చింది. రెండో కాలూ వచ్చింది. అప్పటికి నీళ్లు మాకు మోచేతి దాకా ఉన్నాయి.

పలక మీద ఆమెను పడుకోబెట్టి బెన్ ముందు లాగుతూ, నేను వెనక నుంచి తోస్తూ చెట్ల వైపు పోయాం. సగం దూరంలో నీళ్లు నా నడుముకొచ్చాయి. పక్క నుంచి ఒక అల వచ్చి కొట్టినప్పుడల్లా కాళ్లు లేచిపోతున్నాయి. గుంపు అంచున మావాళ్లు గొలుసులా చేతులు చాపి నిలబడి ఉన్నారు. వాళ్ల చేతులు మమ్మల్ని అందుకుని లోపలికి గుంజాయి.

ఆ చెట్ల మధ్యలో నేల గట్టిగా ఉంది. అదే నాకు మొదట తెలిసింది. బురదలో నుంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లు పుల్లల్లా అరికాళ్లకు గుచ్చుకుంటున్నాయి గానీ కాలు దిగడం లేదు. ఎన్నో ఏళ్లుగా వచ్చిన మన్నునంతా ఆ వేర్లు పట్టి ఉంచాయి, చుట్టుపక్కల కంటే అక్కడ ఎత్తు. బయట గాలికి తెల్లటి అలలు ఉరుకుతున్నాయి. లోపల అల లేదు, నీళ్లు ఊరికే ఎక్కుతున్నాయంతే. ఎక్కుతూనే ఉన్నాయి.

"ఎందాక వస్తయి?" అని బెన్‌ను అడిగాను. మాను మీద ఉప్పు తేలిన ఒక చార చూపించింది.

"ఇంత గాలిల కూడనా?"

నీళ్లు ఆ చార దాకా వచ్చాయి. దాటాయి. పొట్టివాళ్లను ఎత్తి కొమ్మల్లో కూర్చోబెట్టాం. నీళ్లు నా ఛాతీకి వచ్చాయి. ఒకామె దేవుడి పేరు చెబుతూ ఉండి, అదీ ఆపేసింది. గల్లీలో అందరి ముందూ నేను చెప్పిన మాట గుర్తొస్తోంది. ఎవరి ముఖంలోకీ చూడలేకపోయాను.

పక్కన లంగా జాకెట్టుతో మాను కౌగిలించుకుని వణుకుతున్న మా ఆడబిడ్డ చెవిలో గొణిగింది. "అన్నకు చీర సంగతి ఏమని చెప్పాలె?"

"సముద్రం కట్టుకపోయిందని చెప్పు."

ఆమె నవ్వింది. పళ్లు టకటక కొట్టుకుంటూనే నవ్వింది. అది విని కొమ్మల్లో ఉన్నవాళ్లు కూడా ఏడుస్తూ నవ్వారు.

మేం భయపడకుండా ఉండాలనేమో, బెన్ మాట్లాడుతూ ఉంది. ఈ చెట్ల ఆకంతా తమ బర్రెలకు మేత అట. మొదట్లో మొదలంటా నరికేవాళ్లట. గార్డు వచ్చి, ఒక ఏడు ఒక పక్క కొమ్మలే కొట్టండి, మరుసటి ఏడు ఇంకో పక్క, తల్లి చెట్ల జోలికి పోకండి అని ఊరివాళ్లను కూర్చోబెట్టి ఒప్పించాడట. "ఆ రోజు అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే" అంది. అంటూ తను పట్టుకున్న మానును అరచేత్తో తట్టింది.

నా ముందు ఒక ఎండాకు తేలుతోంది. అది లోపలికి, కట్ట వైపుకు పోతూ ఉండేది. చూస్తూ ఉండగా ఆగింది. ఒకచోటే చాలాసేపు తిరిగింది. తర్వాత మెల్లగా సముద్రం వైపుకు మళ్లింది. నేను ఎవరికీ చెప్పలేదు. ఇంకొంచెం దూరం పోయాక, నిజమేనని తేలాక అప్పుడు చెప్పాను.

పొద్దు వాలేసరికి ఖాడీ దాటగలిగాం. కట్ట మీద గార్డు తాళ్లు పట్టుకుని, నలుగురు పల్లెకారులతో నిలబడి ఉన్నాడు. మేం చెట్లలో ఉన్నది చూశాడట, దాటలేకపోయాడట. వేలు పెట్టి మా తలలు లెక్కపెట్టాడు. లెక్క తప్పిందేమో మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. తర్వాత తన రెయిన్‌కోటు తీసి ఆడబిడ్డకు ఇచ్చి అటు తిరిగి నిలబడ్డాడు.

"అమాస నిన్ననే అయిపాయె కదా సాహెబ్" అన్నాను.

"అమాస తర్వాతే ఇంకా పెద్ద భర్తీ వస్తుంది మాసీ. మీకు తెలియదా?" అన్నాడు. అన్నాక ఆయన ముఖం మారిపోయింది. పొద్దు తూర్పున పొడుస్తుందని ఎవరికైనా విడిగా చెబుతామా? ఆయనకు అది అలాంటి సంగతి. అందుకే చెప్పలేదు. మాకేమో అమావాస్య గురించి అంతా తెలుసు. అందుకే అడగలేదు. మీరు కొత్త చోట పనికి చేరినప్పుడు, పిల్లలూ, తెలియని సంగతులు ఎవరైనా చెబుతారు. అందరికీ తెలుసనుకునే సంగతులు ఎవరూ చెప్పరు. వాటిని గుచ్చి గుచ్చి అడగండి.

అందరినీ గడపల్లో దించాను. ఎవరింటి ముందూ నన్ను లోపలికి రమ్మనలేదు. మా ఆయన అంతా విని, కంచం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. "రేపటి సంది ఎవ్వలు పోవద్దు" అన్నాడు. నేను ఎదురు చెప్పలేదు.

కొన్ని రోజుల తర్వాత, మేం ఇక రామని చెప్పడానికీ, కట్టకు కొట్టుకొచ్చిన మా గింజల తట్టలు తెచ్చుకోవడానికీ ఒక్కదాన్నే టెంపో ఎక్కి పోయాను. మంచి తట్టలు, వదిలేయడానికి మనసొప్పలేదు. గార్డు నన్ను కట్ట వెనక్కి తీసుకుపోయాడు. అది ఊరి పశువుల మేత భూమి. కట్ట తెగిన చోట గడ్డి మధ్యలో జానెడు జానెడు చెర్ మొలకలు లేచి ఉన్నాయి. ఎవరూ నాటినవి కాదు.

"ముందున్న మోళ్లు చూశారు కదా. సముద్రం కొంచెం కొంచెం ఎక్కుతోంది, గాలులు వేళకాని వేళ వస్తున్నాయి. ముందు వరస చచ్చిపోతోంది. అడవి తనంతట తాను ఇటు వెనక్కి జరుగుతోంది" అన్నాడు. "వెనక చోటు ఉంటే బతుకుతుంది. గోడో చెరువో అడ్డం వస్తే అక్కడే ఆగి చస్తుంది. ఇక్కడ కొంత భూమి వదలమని ఊరివాళ్లను అడిగాను. సగం ఒప్పుకున్నారు. ఖాడీ అవతల పాత గుంపు చుట్టూ కూడా నింపాలి."

నేను గల్లీలో మాట పడ్డాను సాహెబ్ అన్నాను. ఆయన బతిమాలలేదు. బతిమాలితే తప్పకుండా కాదనేదాన్ని. తట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఆ మాటలు అరుగు మీద కూర్చున్న ఆడబిడ్డకు చెప్పాను. మగ్గాలు ఇంకా సగమే తిరుగుతున్నాయి. ఆమె తన కాళ్లవైపు చూసుకుంది.

"నేనొస్త వదినే. కని బురదల కాలు పెట్టను."

"మరేం చేస్తవ్?"

"కట్ట మీద నిలవడి ఖాడీ దిక్కు చూస్త. నీళ్లొచ్చినయంటే పళ్లెం కొడత. గంతే. నాటు మీ అందరిది, చూసుడు నాది. కూలీ మాత్రం అందరితోని సమానం."

నాకు ఒళ్లు మండింది. "ఊకె నిలవడ్డందుకు కూలా? ఎవలిస్తరే? గింజ ముట్టవు, నడుం వంచవు..."

"మొన్న అందరం వంగినం కదా. ఒక్కతన్న నిలవడి ఎన్కకు చూసిందా?"

ఆ కూలీ మా అందరి కూలీలో నుంచి తీయాలని ఆ సాయంత్రమే గల్లీలో కూర్చుని మాట్లాడుకున్నాం. మగవాళ్లు మళ్లీ అదే అడిగారు, ఈసారి జిమ్మేదార్ ఎవరని. నేను నోరు తెరిచేలోపే ఆమె లేచి నిలబడి, "నేను" అంది. ఆమె మొగుడు ఏదో అనబోయి కూర్చున్నాడు.

మళ్లీ పోయిన మొదటి రోజు ఎండ ఇంకా ఎక్కనే లేదు, కట్ట మీద నుంచి పళ్లెం మోగింది. గింజలూ తట్టలూ ఎక్కడివక్కడ వదిలేసి అందరం ఖాడీ దాటి ఉరికాం. రొప్పుతూ కట్టెక్కి వెనక్కి చూస్తే ఖాడీలో వేలెడు తడి కూడా పెరగలేదు. గాలికి కదిలిన పొద్దుటి నీళ్లను చూసి కొట్టింది.

సగం పని మిగిలిపోయింది. అందరూ నా ముఖం వైపు చూశారు. కొత్తిమీర కట్ట దగ్గర కూరగాయల బండివాడితో వీధి చివరి దాకా పోట్లాడే మనిషిని నేను. ఆడబిడ్డ పళ్లెం వీపు వెనక దాచుకుంది.

"ఏంది వదినే, తిట్టవా?"

"ఎందుకు తిడత? నువ్వు కొట్టు, మేం ఉరుకుతం. ఎన్నిమాట్ల కొడితే అన్నిమాట్లు."

గిన్నెలు విప్పి అన్నాలు తిన్నాం. ఖాడీ నిండడానికి చాలాసేపు పట్టింది. నిండేదాకా అందరం ఇవతలి ఒడ్డునే కూర్చుని చూశాం.